ఎసరు తెర్లిందా లేదా? నీళ్ల వేడిని కంటితో, చెవితో గుర్తుపట్టడం ఎలా

"నీళ్లు బాగానే మరిగాయి, అయినా ఉప్మా ఉండలు కట్టింది." "చేపల పులుసులో ముక్కలన్నీ చెదిరిపోయాయి." "పాలు తోడు పెడితే పొద్దుటికి నీళ్లలాగే ఉన్నాయి." కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు, ముఖ్యంగా చదువుకో ఉద్యోగానికో ఇల్లు విడిచి వెళ్లిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవే. మూడూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. నిజానికి మూడింటిలోనూ జరిగింది ఒకటే. గిన్నెలో ఉన్నది ఏ దశలో ఉందో చూసుకోకుండా తర్వాతి పని చేసేశారు.

ఇందులో తప్పు వాళ్లది మాత్రమే కాదు. వంట చెప్పేవాళ్లం అందరం "నీళ్లు మరిగాక వేయండి" అని ఊరుకుంటాం. ఎంత మరిగాక అన్నది చెప్పం. మన అమ్మమ్మలకు ఆ అవసరం లేకపోయింది, ఎందుకంటే వాళ్ల మాటల్లోనే ఆ తేడా ఉండేది. కాగడం అంటే వేడెక్కడం. స్నానానికి నీళ్లు కాగితే చాలు, మరగక్కర్లేదు. మరగడం అంటే బుడగలు పైకి వచ్చి పగలడం. ఎసరు తెర్లడం అంటే గిన్నె మొత్తం కిందామీదా అవుతూ ఉడకడం. తెలంగాణలో చాలాచోట్ల దీన్నే మసలడం అంటారు. ఇప్పుడు అన్నింటికీ కలిపి "బాయిల్ అయ్యాయి" అనేస్తున్నాం. ఆ ఒక్క మాటలో నాలుగైదు దశలు కలిసిపోయాయి.

ఆ దశలను మళ్లీ విడదీసి చూడడం ఒక్క అరగంటలో నేర్చుకోవచ్చు.

కావలసినవి

- ఒకటిన్నర, రెండు లీటర్లు పట్టే స్టీలు గిన్నె. లోపల అడుగు మెరుస్తూ కనిపించాలి. నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో చిన్న బుడగలు సరిగ్గా కనపడవు.
- ఒక లీటరు మామూలు నీళ్లు. గీజరు నీళ్లు వద్దు.
- గరిటె, మూత, పొడిగా ఉన్న మసిగుడ్డ.
- వంటకు వాడే డిజిటల్ థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు. జ్వరం చూసుకునే థర్మామీటరు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. అది ఆ వేడికి చేసింది కాదు, గాజుదైతే పగిలిపోతుంది.

మొదట ఒక్కసారి పక్కనే నిలబడి చూడండి

ఏమీ వండకండి. ఉత్త నీళ్లు పెట్టి, ఫోను పక్కన పెట్టేసి, గిన్నెనే చూడండి. మూత పెట్టకండి, మంట మధ్యస్థంగా ఉంచండి. పిల్లలు వంటగదిలో తిరగని సమయం చూసుకోండి. ఆవిరి మొదలయ్యాక ముఖం గిన్నె మీదికి వంచకుండా పక్కనుంచి చూడండి.

1. గోరువెచ్చన (సుమారు 35 నుంచి 45 డిగ్రీలు). కంటికి ఏమీ కనిపించదు. శుభ్రమైన చిటికెన వేలు ముంచితే వేడి తెలుస్తుంది గానీ చురుక్కుమనదు. వేలు ఉంచి పది అంకెలు నిదానంగా లెక్కపెట్టగలిగితే అది గోరువెచ్చన. ఈ దశ దాటాక ఇంకెప్పుడూ వేలు పెట్టకండి.

2. అడుగున ముత్యాలు (సుమారు 50 నుంచి 70). గిన్నె అడుగుకూ పక్కలకూ గుండుసూది తలంత బుడగలు అంటుకుంటాయి, కదలవు. ఇవి ఆవిరి బుడగలు కావు. నీళ్లలో కరిగి ఉన్న గాలి వేడికి బయటపడుతోంది, అంతే. వీటిని చూసి "బుడగలు వచ్చేశాయి" అనుకుని రవ్వ పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. పైనుంచి పల్చగా ఆవిరి కూడా లేస్తుంది కాబట్టి నమ్మబుద్ధి అవుతుంది. నమ్మకండి.

3. సుయ్‌మనే దశ (సుమారు 75 నుంచి 90). ఇప్పుడు చెవి పెట్టండి. గిన్నె సుయ్‌మని పాడడం మొదలుపెడుతుంది. అడుగున నిజమైన ఆవిరి బుడగలు పుడుతున్నాయి. అవి లేచి, పైన ఇంకా అంత వేడెక్కని నీళ్లు తగలగానే మాయమైపోతున్నాయి. ఆ చప్పుడు అదే. పై భాగం వణుకుతుంది గానీ బుడగ పగలదు.

4. సన్న ఉడుకు (సుమారు 90 నుంచి 96). అక్కడక్కడ, ఎక్కువగా ఒక పక్కన, చిన్న బుడగలు పైదాకా వచ్చి పగులుతాయి. రెండు బుడగల మధ్య ఖాళీ ఉంటుంది. ఇక్కడ మంట సిమ్‌లో పెట్టి ఒక నిమిషం చూడండి. నీళ్లు ఇలాగే నిలబడితే ఈ దశను ఆపి ఉంచడం మీకు వచ్చినట్టే. వంటలో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే. కష్టమైనదీ ఇదే.

5. కుతకుత. మంట మళ్లీ మధ్యస్థానికి తేండి. బుడగలు గిన్నె అంతటా వస్తాయి, కానీ గరిటెతో ఒకసారి కలపగానే ఒక్క క్షణం అణిగిపోతాయి. కూరలు, పప్పు, సాంబారు ఎక్కువ సేపు ఉండేది ఇక్కడే.

6. తెర్లడం. పెద్ద మంట. సుయ్‌మనే సన్నటి చప్పుడు పోయి బరువైన గుడగుడ వస్తుంది. నీళ్లు మధ్యలో ఉబికి అంచుల దగ్గర కిందికి దిగుతుంటాయి. దీనికి పరీక్ష ఒకటే. గరిటెతో గట్టిగా కలపండి. కలిపినా ఆగకుండా మరుగుతూనే ఉంటే అది తెర్లిన ఎసరు. ఆగితే ఇంకా ఐదో దశలోనే ఉన్నట్టు.

చెవికి సంబంధించి ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. చప్పుడు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లు మరిగినట్టు కాదు, చప్పుడు మారినప్పుడు మరిగినట్టు. ఇది పట్టుబడితే పక్కన కూరగాయలు తరుగుతూ కూడా ఎసరు సంగతి చెప్పగలరు.

థర్మామీటరు ఉంటే దాని కొన అడుగుకు తగలకుండా నీళ్ల మధ్యలో ఉంచి ఒక్కో దశలో అంకె చూడండి. నేను చెప్పినదానికి రెండు మూడు డిగ్రీలు అటూఇటూ ఉంటే కంగారుపడకండి. గిన్నె మందం, నీళ్ల లోతు బట్టి మారుతుంది.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంతే

నీళ్లు తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి పెరగదు. సముద్రమట్టానికి దగ్గర ఊళ్లలో అది 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మీరు అదనంగా ఇచ్చే మంటంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. మామూలు నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఎంత గ్యాసు ఖర్చవుతుందో, అవే నీళ్లను పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు దానికి ఏడు రెట్లు కావాలి. పప్పు త్వరగా ఉడకాలని మంట పెద్దది చేస్తే పప్పు త్వరగా ఉడకదు. నీళ్లు త్వరగా ఇగిరి అడుగంటుతుంది, సిలిండరు త్వరగా అయిపోతుంది.

అలాంటప్పుడు పెద్ద మంట ఎందుకు అంటే రెండు పనులకు. చల్లటి వస్తువు వేసినప్పుడు వేడి పడిపోకుండా కాయడానికి. గింజలు, రవ్వ ఒకదానికొకటి అంటుకోకుండా నీళ్ల కదలికతో విడదీయడానికి. మిగతా అన్నింటికీ తక్కువ మంట చాలు.

ఏ వంటకు ఏ దశ

*గోరువెచ్చన: పెరుగు తోడు, ఈస్టు*

ఇల్లు విడిచి ఒంటరిగా ఉండడం మొదలుపెట్టిన కొత్తలో వరుసగా మూడు రోజులు నాకు పెరుగు తోడుకోలేదు. తోడు బాగాలేదనుకుని పక్కింటావిడ దగ్గర మళ్లీ తెచ్చుకున్నాను. ఆవిడ వచ్చి పాలగిన్నె ముట్టుకుని చూసి, "ఇంత వేడిలో వేస్తే తోడు చచ్చిపోతుందమ్మా, వేలు పెట్టి చూసుకో" అన్నారు. వేలు పెట్టి పది లెక్కపెట్టడం నేర్చుకున్నది ఆ రోజే. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు పోలేదు.

1. పాలు ఒక పొంగు వచ్చేదాకా కాచి దింపండి.
2. చల్లారనివ్వండి. 40 నుంచి 45 డిగ్రీల మధ్య తోడు వేయాలి. వేలి పరీక్ష చేయండి.
3. అరలీటరు పాలకు ఒక చెంచా తోడు వేసి కలిపి, కదపకుండా ఉంచండి.

పాలు బాగా వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పాలు పాలలాగే ఉంటాయి. మరీ చల్లారిపోతే తోడుకోవడానికి చాలా సేపు పడుతుంది, సాగినట్టు కూడా వస్తుంది. చలికాలంలోనూ చలిదేశాల్లోనూ గిన్నెను మందపాటి తువ్వాలులో చుట్టి, ఆపి ఉన్న ఓవెన్‌లో పెట్టండి. బ్రెడ్డుకు వాడే ఈస్టుకు 38, 40 డిగ్రీల నీళ్లు సరిపోతాయి.

*సుయ్‌మనే దశ: గ్రీన్ టీ*

గ్రీన్ టీ చేదుగా ఉందని మానేసినవాళ్లలో చాలామంది తెర్లే నీళ్లు పోసినవాళ్లే. 75, 80 డిగ్రీల నీళ్లు పోసి రెండు నిమిషాలకు ఆకు తీసేయండి. చైనాలో టీ కాచేవాళ్లు నీటి బుడగలకు రొయ్య కళ్లు, పీత కళ్లు, చేప కళ్లు అని సైజును బట్టి పేర్లు పెట్టుకున్నారు. థర్మామీటర్లు లేని కాలంలో అదే వాళ్ల కొలత. విద్యుత్ కెటిల్ ఉంటే అది ఆగిపోయాక మూత తెరిచి ఐదారు నిమిషాలు ఆగి పోయండి.

మన ఫిల్టర్ కాఫీ డికాషన్‌కు ఇంత చల్లార్చక్కర్లేదు. మరిగిన నీళ్లను దింపి, బుడగలు అణిగాక, అర నిమిషం ఆగి పోస్తే సరిపోతుంది. మన పాల టీ సంగతి వేరే, దాన్ని మరిగించాల్సిందే.

*సన్న ఉడుకు: గుడ్లు, చేపలు, మాంసం, మజ్జిగ పులుసు*

ఈ దశ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఎక్కువ వంటలు పాడయ్యేది ఇది తెలియకే.

కోడిగుడ్డు తెల్లసొన 62, 65 డిగ్రీలకే గట్టిపడడం మొదలవుతుంది, పచ్చసొన 70 దగ్గర. కాబట్టి గుడ్డుకు తెర్లే నీళ్లతో పనే లేదు. అందులో గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి, అంతే.

1. గుడ్లు మునిగేంత నీళ్లు మరిగించండి.
2. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లైతే పది నిమిషాలు బయట ఉంచి, గరిటెతో ఒక్కొక్కటిగా దించండి. చల్లటి నీళ్లలో మొదలుపెట్టడంకంటే ఇలా చేస్తే పెంకు సులువుగా వస్తుంది.
3. వెంటనే మంట తగ్గించి సన్న ఉడుకులో ఉంచండి. సొన మెత్తగా కావాలంటే 7 నిమిషాలు, పూర్తిగా గట్టిపడాలంటే 11 నుంచి 12.
4. తీసి చల్లటి నీళ్లలో వేయండి.

ఎలా ఉడికాయో చూడాలంటే ఒకటి కోయండి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ, బూడిద రంగు గీత ఉంటే ఎక్కువ సేపు ఉడికించారు. తినడానికి ప్రమాదం లేదు గానీ పచ్చసొన పొడిపొడిగా ఉంటుంది. వచ్చేసారి రెండు నిమిషాలు తగ్గించండి.

చేపల పులుసులో రెండు దశలూ కావాలి, అందుకే చాలామంది తడబడతారు. ముందు చింతపండు పులుసు ముక్కలు లేకుండానే కుతకుతలాడుతూ పచ్చివాసన పోయేదాకా, నూనె పైకి తేలేదాకా పది పదిహేను నిమిషాలు మరగాలి. అప్పుడు ముక్కలు వేయండి. ఒక్క ఉడుకు రాగానే సిమ్‌లో పెట్టండి. ఎనిమిది, పది నిమిషాల్లో ముక్క ఉడికిపోతుంది. ఆ తర్వాత గరిటె పెట్టకండి. గిన్నెను రెండు వైపులా మసిగుడ్డతో పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. నెల్లూరు వైపు పెద్దవాళ్లు ఎవరు వండుతుంటే చూసినా చేసేది ఇదే. ముక్కలు వేశాక కూడా పెద్ద మంట మీద ఉంచితే బుడగలే ముక్కల్ని విరగ్గొడతాయి.

వేటమాంసం, నాటుకోడి కూడా అంతే. మొదట ఒక పొంగు, తర్వాత మూతపెట్టి సన్న ఉడుకులో గంట, గంటన్నర. ముక్కలోని నరాలు, జిగురు భాగం కరిగి మెత్తబడడానికి సమయం కావాలి గానీ ఎగిసిపడే నీళ్లు అక్కర్లేదు. తీరిక లేకపోతే కుక్కర్ మంచి ప్రత్యామ్నాయం. మూసిన కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పని మూడో వంతు సమయంలో అవుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి. విజిళ్లు లెక్కపెట్టడంకంటే నిమిషాలు చూసుకోవడం నమ్మకమైన పద్ధతి. ఒకే పప్పు పెద్ద మంట మీద ఐదు విజిళ్లకు ఉడక్కపోవచ్చు, సిమ్‌లో రెండింటికే మెత్తబడొచ్చు.

మజ్జిగ పులుసు విరిగిపోతోందని అడిగేవాళ్లకు: మజ్జిగలో ముందే రెండు చెంచాల శనగపిండో బియ్యప్పిండో ఉండలు లేకుండా కలపండి. పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి ఆపకుండా తిప్పండి. చిక్కబడి, అంచున మొదటి పొంగు కనిపించగానే దింపేయండి. కుతకుతలాడనిచ్చారంటే నీళ్లూ విరుగుడూ వేరవుతాయి. కొబ్బరిపాలు పోసిన కూరలకూ ఇదే జాగ్రత్త.

చారు విషయంలో మాత్రం నాకు పట్టుదల ఉంది. చింతపండు రసం, టమాటా మరిగేటప్పుడు మరగనివ్వండి. చారుపొడి, కొత్తిమీర వేశాక నురగ కట్టి ఒక్క పొంగు రాగానే దింపాలి. ఆ తర్వాత మరిగే ప్రతి నిమిషం వాసన ఇల్లంతా నిండుతుంది, గిన్నెలో మిగలదు.

*కుతకుత: పప్పు, దుంపలు*

కందిపప్పు గిన్నెలో ఉడికించేటప్పుడు మొదట వచ్చే నురగ తీసేసి, మంట మధ్యస్థానికి తగ్గించి, మూత కాస్త వారగా పెట్టండి. చింతపండు, టమాటా, మామిడికాయ లాంటి పుల్లటివి పప్పు మెత్తబడ్డాకే వేయండి. ముందే వేస్తే ఎంత మరిగించినా పలుకు మిగులుతుంది. పప్పు ఉడకకపోవడానికి చాలాసార్లు కారణం మంట కాదు, పులుపు. లేదా సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు. అలాంటి ఊళ్లో ఉంటే పప్పును గంటసేపు నానబెట్టి, తాగే నీళ్లతో వండి చూడండి.

ఆలుగడ్డ, చామదుంప, కంద చల్లటి నీళ్లలోనే మొదలుపెట్టాలి. తెర్లే నీళ్లలో వేస్తే లోపల ఉడికేలోపు బయట పిండిపిండి అవుతుంది. ఆకుకూరలు దీనికి తలకిందులు. బాగా తెర్లే నీళ్లలో వేసి, నిమిషంలో తీస్తేనే పచ్చదనం ఉంటుంది.

*తెర్లే ఎసరు: అన్నం, ఉప్మా, ఉండ్రాళ్లు, సంకటి, జొన్నరొట్టె*

బియ్యం, రవ్వ, పిండి ఏదైనా సరే, అందులోని పిండిపదార్థం సుమారు 60, 75 డిగ్రీల మధ్య నీళ్లు పీల్చుకుని జిగురవుతుంది. నీళ్లు అరకొరగా మరిగినప్పుడు పొడి పిండి వేస్తే నీళ్ల వేడి ఒక్కసారిగా పడిపోతుంది. పిండి ముద్దగా దిగిపోతుంది. ఆ ముద్ద పైపొర జిగురై లోపలికి నీళ్లు పోనివ్వదు. మీకు తగిలే ఉండ అదే. విరగదీసి చూడండి, మధ్యలో పొడి పిండి ఉంటుంది.

ఉప్మాకు:

1. బొంబాయి రవ్వను ముందే సన్న మంట మీద వేయించి పెట్టుకోండి. గ్లాసు రవ్వకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్లు.
2. పోపులో నీళ్లు పోసి, ఉప్పు వేసి, తెర్లనివ్వండి. కలిపి చూసే పరీక్ష చేయండి.
3. మంట పెద్దగానే ఉంచి, ఎడమ చేత్తో రవ్వను సన్న ధారగా పోస్తూ కుడి చేత్తో ఆపకుండా కలపండి. గిన్నెడు రవ్వ ఒకేసారి కుమ్మరించకండి.
4. రవ్వంతా పడ్డాక సిమ్‌లో పెట్టి, మూత పెట్టి మూడు నిమిషాలు.

ఉండలు కట్టేసిందా? వెంటనే దింపి గరిటె వెనకవైపుతో గిన్నె అంచుకేసి నొక్కండి. తర్వాత నాలుగు చెంచాల మరిగే నీళ్లు చల్లి మూత పెట్టండి. చల్లటి నీళ్లు చల్లకండి.

వినాయకచవితి ఉండ్రాళ్లకూ ఇదే పద్ధతి. బియ్యపు రవ్వ కాబట్టి గ్లాసుకు ఒకటిన్నర నుంచి రెండు గ్లాసుల నీళ్లు చాలు. పాత బియ్యమైతే కాస్త ఎక్కువ పడతాయి.

రాయలసీమ రాగిసంకటిలో దశ మారడం కళ్లముందే కనిపిస్తుంది. గ్లాసు రాగిపిండికి అరగ్లాసులోపు బియ్యమో నూకలో, మూడున్నర గ్లాసుల నీళ్లు. బియ్యం మెత్తగా ఉడికి, పైన ఇంకా నీళ్లు తెర్లుతుండగా పిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు. కట్టెతో కుప్ప మధ్యలో రంధ్రం చేస్తే అందులోంచి ఎసరు బుసబుసా పైకి వస్తుంది. అలా రాలేదంటే ఎసరు సరిగ్గా తెర్లలేదు లేదా నీళ్లు తక్కువయ్యాయి. మూత పెట్టి సన్న మంట మీద ఐదారు నిమిషాలు మగ్గాక దింపి, కట్టెతో గట్టిగా కెలకండి. తడి చేత్తో ముట్టుకుంటే అంటకూడదు. అంటితే ఇంకాసేపు మగ్గాలి.

జొన్నరొట్టెకు వేడి నీళ్లెందుకని అడుగుతారు. గోధుమపిండిలో ఉన్న సాగే గుణం జొన్నపిండిలో లేదు. మరిగే నీళ్లు పోస్తే పిండి జిగురై ఆ లోటు తీరుస్తుంది. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు తెర్లే నీళ్లు పోసి ముందు గరిటెతో కలిపి, చేయి పట్టే వేడికి వచ్చాక బాగా పిసకండి. రొట్టె తట్టేటప్పుడు అంచులు పగిలితే నీళ్లు చల్లారిపోయాయని అర్థం, లేదా పిండి పాతదైంది.

అన్నం వార్చే పద్ధతిలో గ్లాసు బియ్యానికి ఐదారు గ్లాసుల నీళ్లు. ఎసరు తెర్లాకే నానిన బియ్యం వేయండి, ఒకసారి కలిపి మంట మధ్యస్థం చేయండి. పొంగు వచ్చేది గంజి వల్ల. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెట్టడమో, అర చెంచా నూనె వేయడమో చేస్తే చాలావరకు ఆగుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలు అన్నది నిజం. వేళ్ల మధ్య నలిపినప్పుడు సన్నటి పలుకు ఒక్కటి తగిలితే అది వార్చే సమయం. వార్చి, మళ్లీ మూతపెట్టి సిమ్‌లో ఐదు నిమిషాలు ఉంచితే ఆ పలుకు ఉమ్మగిల్లి పోతుంది. వార్చకుండా అత్తెసరు పెడితే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. పైన నీళ్లు ఇగిరిపోగానే సిమ్‌లో పెట్టి మూత కదపకండి.

జాగ్రత్తలు

- గంజి వార్చేటప్పుడు పొడి మసిగుడ్డే వాడండి. తడిగుడ్డలోంచి వేడి వెంటనే చేతికి దిగుతుంది.
- మూత తీసేటప్పుడు మీకు అవతలి వైపు ఎత్తండి. మీ వైపు ఎత్తితే ఆవిరి ముఖానికి కొడుతుంది.
- గిన్నె పొంగి పొయ్యి ఆరిపోతే వెంటనే గ్యాస్ కట్టేసి, కిటికీ తెరిచి, వాసన పోయాకే మళ్లీ వెలిగించండి.
- మైక్రోవేవ్‌లో నున్నటి గాజు కప్పులో కాచిన నీళ్లు బుడగలు లేకుండానే మరిగే వేడి దాటిపోవచ్చు. టీ పొడో చెంచానో వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. ముందే ఒక చెక్కపుల్ల వేసి పెట్టండి, ఆగాక ఒక నిమిషం తర్వాత తీయండి.
- చేయి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు పెట్టకండి. పెద్ద బొబ్బలు వచ్చినా, పిల్లలకు కాలినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తరచూ చేసే పొరపాట్లు

ఉప్పు వేస్తే నీళ్లు త్వరగా మరుగుతాయనుకోవడం. వేయగానే బుస్సున బుడగలు వస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. ఉప్పు గింజల చుట్టూ బుడగలు పుట్టడానికి చోటు దొరకడం వల్ల వచ్చేవి అవి. లీటరు నీళ్లు మరిగే వేడి ఒక్క డిగ్రీ మారాలంటే దాదాపు 58 గ్రాముల ఉప్పు కావాలి. సముద్రపు నీళ్లకన్నా ఉప్పగా ఉంటుంది అది. ఉప్పు రుచికే. నిండు గిన్నెలో వేసేటప్పుడు పొంగకుండా కొద్దికొద్దిగా వేయండి.

మూత పెట్టి ఉడికిస్తూ, మూత లేనప్పటి మంటే ఉంచడం. మూత పెట్టగానే సన్న ఉడుకు కాస్తా తెర్లుడుకు మారుతుంది. మూత పెట్టినప్పుడల్లా మంట ఒక మెట్టు తగ్గించి, రెండు నిమిషాల తర్వాత తీసి చూడండి.

మందపాటి అడుగున్న గిన్నె, ఇనుప మూకుడు మంట తగ్గించిన వెంటనే చల్లబడవని మరిచిపోవడం. ఇండక్షన్ మీద పల్చటి గిన్నెలో అంకె తగ్గించిన రెండు మూడు క్షణాల్లో ఉడుకు ఆగుతుంది. గ్యాసు మీద మందపాటి గిన్నెలో మరో నిమిషం సాగుతుంది. మజ్జిగ పులుసు లాంటివి అందులో వండితే సిమ్‌లో పెట్టి ఊరుకోకుండా గిన్నెనే దింపేయండి.

ఎసరులోకి మధ్యలో చల్లటి నీళ్లు పోయడం. నీళ్లు చాలకపోతే పక్క పొయ్యి మీదో కెటిల్‌లోనో మరిగించినవే పోయండి.

తాగే నీళ్లకు

వానాకాలంలో కుళాయి నీళ్లు కాచేటప్పుడు అడుగున ముత్యాలు చూసి, కాస్త పొగ చూసి దింపేస్తారు. అది చాలదు. తెర్లే దశకు వచ్చాక ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వండి. 2,000 మీటర్లకు మించిన ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు. మూతపెట్టి అదే గిన్నెలో చల్లార్చండి. వేరే బిందెలోకి పోయాల్సి వస్తే ఆ బిందె శుభ్రంగా కడిగి ఉండాలి.

ఎత్తైన ఊళ్లలో ఉండేవాళ్లకు

పైకి వెళ్లేకొద్దీ, ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. విశాఖ తీరంలో 100 దగ్గర మరిగేవి హైదరాబాద్‌లో 98 దగ్గర, తిరుమల కొండ మీదా బెంగళూరులోనూ 97 దగ్గర మరుగుతాయి. ఇంత తేడా వంటలో పెద్దగా తెలియదు. అమెరికాలో డెన్వర్ లాంటి ఊరికి వెళ్తే 95, లద్దాఖ్‌లోని లేహ్‌కు వెళ్తే 88, 89. అక్కడ ఎసరు చూడడానికి అచ్చం ఇలాగే తెర్లుతుంది, అదే గుడగుడ చప్పుడు, కానీ పప్పు ఉడకదు. మీ చేతి తప్పు కాదు. కంది, శనగ, రాజ్మా లాంటివాటికి అక్కడ కుక్కర్ వాడండి. అన్నానికి పావు గ్లాసు నీళ్లు, నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. గుడ్లకు రెండు నిమిషాలు కలపండి. థర్మామీటరు కొన్నవాళ్లు ముందు మీ ఊళ్లో తెర్లే నీళ్లలో ఒకసారి పెట్టి ఆ అంకె గోడ మీదో క్యాలెండర్ మీదో రాసుకోండి. మీ వంటింట్లో తెర్లడం అంటే ఆ అంకే.